మెట్లెక్కిన మాఫీ

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా అమ్మ అంటుంది. ఇరవై ఐదేళ్ళకే జ్ఞాపకాలు రాసేవాళ్ళు ముప్పై ఏళ్ళకు వీలునామా రాస్తారని ఆమె భయం. కానీ కోపానికి వయసుతో పనేముంది? నాకు పదేళ్ళున్నప్పుడు పుట్టిన కోపం ఒకటి నాతోపాటే పెరిగి, ఇప్పుడు నాకంటే జానెడు పొడుగైంది. దాన్ని ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడించకపోతే ఇంట్లో చోటు సరిపోయేలా లేదు.

అప్పుడు మేం సూరత్‌లో, కోసాడ్ ఆవాస్ అనే ఇళ్ళ కాలనీలో ఉండేవాళ్ళం. కింద ఒక వరుస, పైన నాలుగు అంతస్తులు, మధ్యలో ఒక మెట్లదారి. లిఫ్టు లేదు. మా బిల్డింగులో సగానికి పైగా కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాలే. మగవాళ్ళు సాంచాల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాళ్ళు. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుట్టేవాళ్ళు, రాళ్ళు అంటించేవాళ్ళు. పిండిలో నీళ్ళెన్ని పోయాలో తెలియనివాళ్ళకు కూడా బట్టలో పోగులెన్నో తెలుసు. బట్ట గురించి మాకెవరూ చెప్పనక్కర్లేదన్న ధీమాతో బతికేవాళ్ళం. ఈ ధీమాను కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత దీనితో నాకు పనుంది.

మొదటి అంతస్తులో మా తలుపు పక్క తలుపు ఒక అక్కది. పక్కింటి అక్క అనే అంటాను, పేరు చెబితే ఆమెకు నచ్చదు. అక్క చేసే పని వేరు. నగల దుకాణాలకు పెట్టెలు, ట్రేలు చేసేది. పని ఇచ్చే సేఠ్ అట్టపెట్టెలూ మఖ్మల్ తానూ పంపిస్తే, అక్క ఆ మఖ్మల్‌ను కత్తిరించి, లోపల స్పాంజి పెట్టి, ఒక్క ముడత లేకుండా జిగురుతో అంటించేది. పెట్టెలో హారానికి మెడ ఆకారంలో ఒక గుంట, కమ్మలకు రెండు చిన్న గుంటలు, ఉంగరానికి ఒక చీలిక. ఆమె వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎర్రటి నూగు ఉండేది. వాళ్ళింట్లో అన్నం తింటే అందులో కూడా ఒకటో రెండో మెరూన్ రంగు పోగులు కనిపించేవి. మేం దాన్ని మసాలా అనుకుని తినేవాళ్ళం.

అంత బంగారానికి పరుపులు వేసే మనిషి మెడలో పసుపుతాడు తప్ప ఇంకేమీ లేదని ఇక్కడ మీరు నిట్టూర్చవచ్చు. దయచేసి వద్దు. మంచాలు చేసే వడ్రంగి నేల మీద పడుకోవడం ఈ దేశంలో కొత్త వార్తేమీ కాదు. నా కోపం దాని మీద కాదు.

మఖ్మల్‌కు ఒక గుణం ఉంది. దాని నూగు ఒక వైపుకే వాలి ఉంటుంది. అక్క నా చెయ్యి పట్టుకుని దాని మీద నిమిరించి నేర్పింది. "పిల్లి ఈపు దువ్వినట్టు దువ్వు. ఇటు దువ్వితె పిల్లి నిద్రవోతది, అటు దువ్వితె గీకుతది" అనేది. నిద్రపోయే వైపు నుంచి చూస్తే రంగు వెలిసినట్టు లేతగా ఉంటుంది. గీకే వైపు నుంచి చూస్తే అదే గుడ్డ ద్రాక్షరసంలా ముదురుగా ఉంటుంది. అందుకే ముక్కలన్నీ ఒకే దిక్కుకు అంటించాలి, ట్రేలన్నీ ఒకే దిక్కుకు పేర్చాలి. పెట్టెకైతే మూత ఉంటుంది కాబట్టి ముందేదో వెనకేదో తెలుస్తుంది. ట్రేకు తలా తోకా ఉండవు. అందుకని అక్క ప్రతి ట్రే అడుగున సుద్దముక్కతో ఒక బాణం గీసేది. బాణాలన్నీ ఒక వైపుకు తిప్పి పెడితే చాలు. పెద్ద సేఠ్‌కు ఆ సంగతి బాగా తెలుసు. ఆయన పెద్దవాడై ఇంటిపట్టున కూర్చున్నాక కొడుకు వచ్చాడు. చిన్న సేఠ్ వ్యాపారమంతా ఫోనులో చదువుకున్నవాడు.

ఐదో తరగతిలో నాకు కంపాస్ డబ్బా కొన్నారు. రేకు డబ్బా. మూత తీస్తే పెన్సిళ్ళు సాంచాల్లాగే మోగేవి. అక్క దాన్ని ఒక మధ్యాహ్నం తీసుకుని సాయంత్రం తిరిగిచ్చింది. మూత తీశాను. లోపలంతా మెరూన్ మఖ్మల్. వృత్తలేఖినికి ఒక గుంట, పెన్సిలుకు ఒక కాలువ, రబ్బరుకు ఒక చదరపు గది. ఒక పక్కన మాత్రం వేలెడు వెడల్పున నూగు లేని బోడి పట్టీ ఉంది. ఏమిటని అడిగితే, "గది రూళ్ళకర్రకు. రాణి గదిల సుత ఓ మూల గచ్చే ఉంటది" అంది. రెండు రూపాయల రబ్బరును నేను అందులోంచి వజ్రం తీసినట్టు తీసేదాన్ని. బడిలో చూపించాను, మెట్ల మీద చూపించాను, పాలవాడికి కూడా చూపించాను. అతడు వద్దన్నా చూపించాను.

ఒక గురువారం మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి మా వరండాలో పదిమంది ఆడవాళ్ళు, మధ్యలో చిన్న సేఠ్. కాళ్ళ దగ్గర ఒక గోనెసంచి. దాంట్లోంచి ట్రేలు తీసి నేల మీద పరుస్తున్నాడు. ఇరవై నాలుగు. అతడు హిందీలో అరిచాడు. నేను తెలుగులో చెబుతాను, అరుపు మీరు కలుపుకోండి. సోమవారం ఒక నగల షోరూం తెరుస్తున్నారు. ఈ ట్రేలు అద్దాల బీరువాలో పేర్చి చూస్తే సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. షోరూం వాళ్ళు అతణ్ణి నిలబెట్టి కడిగేశారు. కాబట్టి అక్క అతడి మంచి మఖ్మల్ సగం అమ్ముకుని, చవక గుడ్డ తెచ్చి అంటించిందట. "చోర్! చోర్ హై తూ!"

దొంగ అన్న ఆ మాట మా మెట్లదారిలో పైకీ కిందకీ మోగింది. లోపల అక్క మొగుడు రాత్రి పాళీ చేసి వచ్చి పడుకున్నాడు. సాంచాల చప్పుడుకు అలవాటుపడ్డ చెవులు కదా, భూకంపం వచ్చినా ఆయన పక్కకు తిరిగి పడుకునేవాడు. అక్క ఒక్కతే గడపలో నిలబడి ఉంది.

అందరూ ట్రేల వైపు చూశారు. నిజంగానే రెండు రంగులు. అబద్ధమని ఎవరూ అనలేరు. అక్క కూడా కిందకు వంగి ఒక ట్రే మీద అరచేత్తో ఒకసారి ఇటూ, ఒకసారి అటూ దువ్వింది. ఆమె మూతి ఒక పక్కకు కొంచెం వంగడం నేను చూశాను. నవ్వే ముందు ఆమె మూతి అలాగే వంగేది. కానీ నవ్వలేదు.

సరిగ్గా అప్పుడు సేఠ్ కళ్ళు నా చేతిలోని డబ్బా మీద పడ్డాయి. మూత తెరిచే ఉంది. నేను మూసి పట్టుకున్న రోజు ఎప్పుడుంది గనక! "యే దేఖో" అన్నాడు, పోలీసుకు సాక్ష్యం దొరికినట్టు. తన మంచి మఖ్మల్ ఎక్కడికి పోయిందో ఇదిగో చూడమన్నాడు. ఎవరిచ్చారని నన్ను అడిగాడు.

నేను అక్క ముఖం చూశాను. తర్వాత నేల చూశాను. తర్వాత, "స్కూల్ మే మిలా" అన్నాను.

మా మున్సిపల్ బడిలో బోర్డు మీద నలుపు కంటే తెలుపు ఎక్కువ. అలాంటి బడి ఐదో తరగతి పిల్లకు మఖ్మల్ పరిచిన కంపాస్ డబ్బా ఇచ్చిందని చెప్పాను. పదిమంది ఆడవాళ్ళూ ఒక్కసారి అక్క వైపు తిరిగారు. దొంగ కాని మనిషిని కాపాడటానికి అబద్ధం చెబితే ఆమెను దొంగను చేసినట్టేనని నాకు ఆ నిమిషంలో తెలిసింది. తెలియడానికి అంతకంటే మంచి సమయం ఏదైనా ఉంటుందేమో.

అక్క సేఠ్‌తో గొంతు పెంచకుండా మాట్లాడింది. ఇంకా ముప్పై ఆరు ట్రేలు ఇంట్లో ఉన్నాయి, ఆదివారానికి తయారవుతాయి, ఆదివారం వచ్చి అన్నీ చూసుకో, మిగిలిన గుడ్డ పేలిక కూడా వదలకుండా తీసుకుపో అంది. "సబ్ కే సామ్నే దేఖేంగే, సేఠ్." అందరి ముందే చూద్దామని. అతడు మళ్ళీ ఆ మాటే ఒకసారి గట్టిగా అని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ట్రేలు అక్కడే వదిలేశాడు. పారేసినట్టు.

మర్నాడు బడి నుంచి రాగానే అక్క గదిలోకి వెళ్ళి ఏడవడానికి సిద్ధంగా నిలబడ్డాను. అక్క నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. రెండు రంగుల ట్రేలు రెండు తీసి కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టింది. "పోరీ, గిప్పుడు జూడు" అంటూ లేత రంగు ట్రేను ముందు వైపు వెనక్కి వచ్చేలా సగం చుట్టు తిప్పింది. రెండు ట్రేలూ ద్రాక్షరసం రంగులోకి వచ్చేశాయి.

అంతే సంగతి. దుకాణంలో సగం ట్రేలు అటు, సగం ఇటు పేర్చారు. గుడ్డ ఒక్కటే, తానూ ఒక్కటే.

నాకు ఏడుపు పోయి కోపం వచ్చింది. "నీకు నిన్ననే ఎరుకనా? మరి గప్పుడే ఎందుకు జెప్పలే అక్కా?"

అక్క జిగురు డబ్బా మూత తిప్పుతూ చెప్పింది. "నిన్న ఎంతమందున్నరు? పదిమంది. పొద్దుమీకె వరకు ఐదు వరుసలకు ఎరుకైంది. నేను జెప్పిన జవాబు గా పదిమంది కాడ్నే ఆగుతుండె. తిట్టుకు కాళ్ళుంటయి బిడ్డా, ఉరికి మెట్లెక్కుతది. మాఫీకి మోకాళ్ళ నొప్పులు. కిందనే కూసుంటది."

ఆదివారం సాంచాలు బంద్. మగవాళ్ళంతా ఇంట్లో ఉంటారు. అందుకే ఆదివారం. "గంత వరకు నోరు మూసుకో" అంది. నోరు మూసుకోవడంలో నా అనుభవం అప్పటికి శూన్యం.

ఆ రెండు రోజులూ నేను పడ్డ బాధ అక్క కూడా పడి ఉండదు. నీళ్ళ దగ్గర ఎదురింటి పెద్దమ్మ, నిన్నటిదాకా అక్క దగ్గర పచ్చడి అప్పు తీసుకున్న మనిషి, అందరికీ వినపడేలా, "ఏమే, మా మనవరాలికి సుత జర మఖ్మల్ గౌను కుట్టియ్యరాదు? నీ కాడ తాన్లకు తాన్లున్నయంట గదా" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అక్క బిందె భుజానికెత్తుకుని, "కొలత దెమ్మను పెద్దమ్మా" అని మెట్లెక్కింది. నేను నా నాలుకను పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాను. ఇప్పటికీ ఆ చోట ఒక గాటుందని నా అనుమానం.

మా ఇంట్లో వాళ్ళేం తక్కువ తినలేదు. మా అమ్మ డబ్బాలోంచి ఆ గుడ్డ పీకి పారెయ్యమంది, రేపు మన మీదికొస్తది అంది. నేను పీకనన్నాను. అమ్మ డబ్బాను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో అడుగున పాతిపెట్టింది. ఆ తర్వాత అన్నం వండేటప్పుడల్లా అటూ ఇటూ చూసి మూత తీసేది. మా బియ్యం కూడా దొంగ బియ్యం అయిపోయింది.

ఆదివారం పదింటికి చిన్న సేఠ్ వచ్చాడు. అక్క ట్రేలను కింద వాకిట్లో పెట్టలేదు, ఇంట్లోనూ పెట్టలేదు. గురువారం అతడు నిలబడి తిట్టిన చోటే, వరండాలోనే, దుప్పటి పరిచి పెట్టింది. మగవాళ్ళు లుంగీలతో, కొందరు నోట్లో బ్రష్షుతో వచ్చి నిలబడ్డారు. అక్క మొగుడు కూడా ఆ రోజు మేలుకునే ఉన్నాడు, చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మెట్ల మీద పైనున్నవాళ్ళు, కిందున్నవాళ్ళు మెడలు చాచారు. వరండా ఇరుకు కాబట్టి సగం మందికి ముందువాడి వీపే కనిపించింది.

అక్క సేఠ్‌ను మంచి ట్రేలు ఒక వైపు, చెడ్డవి ఒక వైపు అతడి చేత్తోనే పెట్టమంది. పెట్టాడు. పన్నెండు, పన్నెండు. పక్కా కదా అని అడిగింది. పక్కా అన్నాడు. ఇవి మార్చిన గుడ్డే కదా అని ఇంకోసారి అడిగింది. అతడికి విసుగొచ్చింది, వంద సార్లు చెప్పాలా అన్నాడు. అప్పుడు అక్క, చెడ్డ ట్రే ఒకటి తీసి నీ చేత్తో సగం చుట్టు తిప్పి పెట్టు అంది.

తిప్పాడు. భూమి బద్దలు కాలేదు. ఉరుమూ లేదు, మెరుపూ లేదు. ఒక ట్రే తిరిగింది, అంతే. చెడ్డది మంచిదైపోయింది.

చిన్న సేఠ్ దాన్ని మళ్ళీ తిప్పాడు. చెడ్డదైంది. మళ్ళీ తిప్పాడు. మంచిదైంది. పక్కదాన్ని తిప్పాడు. పసిపిల్లవాడికి గిలక్కాయ దొరికినట్టు నాలుగైదు ట్రేలు అలా తిప్పుతూ కూర్చున్నాడు. అక్క ఒక ట్రేను బోర్లించి అడుగున వేలు పెట్టింది. ఇక్కడ బాణం గుర్తు ఉండాలి, ఏమైంది అని అడిగింది. అతడు కాస్త తడబడి, అడుగున సుద్ద మరకలుంటే తనే తుడిపించానన్నాడు. "గందా లగ్‌తా థా." అసహ్యంగా ఉందట! దారి చూపే బాణాన్ని మురికని తుడిపించి, దారి తప్పానని వచ్చి అక్కను దొంగన్నాడు. మఖ్మల్ మీద బతికే మనిషి మఖ్మల్‌ను ఒక్కసారి కూడా దువ్వి చూడలేదు.

అయినా అతడి మీద నాకు వచ్చిన కోపం సగమే. మిగతా సగం సంగతి ఇప్పుడు చెబుతాను.

అక్క నన్ను పిలిచి డబ్బా తెమ్మంది. నేను పరిగెత్తి బియ్యంలోంచి తవ్వి తెచ్చాను. మూత తీస్తే వరండాలో బియ్యం రాలాయి. అక్క దాన్ని సేఠ్‌కు ఇవ్వలేదు. అక్కడ నిలబడ్డ మగవాళ్ళ చేతికిచ్చింది. మొదట మా బాపు, అంటే మా నాన్న, తీసుకున్నాడు. బొటనవేలితో ఆ బోడి పట్టీని ఒకసారి తడిమాడు. ఆయన ముఖం మారిపోయింది. పక్కాయనకు ఇచ్చాడు. అతడూ తడిమాడు. "గిది అంచు ముక్క గదా" అన్నాడు.

అంచు. తానుకు రెండు పక్కలా నూగు లేకుండా వచ్చే పట్టీ. దాన్ని ఏ ట్రేలోనూ వెయ్యరు, పక్కనున్న నాలుగు వేళ్ళ నూగుతో సహా కత్తిరించి పారేస్తారు. పారేసేదాన్ని ఉంచుకోమని పెద్ద సేఠ్ ఎప్పుడో చెప్పాడు. ఈ సంగతి తెలుసుకోవడానికి కోర్టు అక్కర్లేదు, పోలీసు అక్కర్లేదు. డబ్బా లోపలికి ఒక్కసారి చూస్తే చాలు. బిల్డింగు నిండా నేతగాళ్ళు. పుట్టింది మగ్గం చప్పుడులో, తినేది సాంచాల కూడు. గురువారం నుంచి ఆదివారం దాకా ఆ డబ్బా గురించి మాట్లాడనివాడు లేడు. ఒక్కరంటే ఒక్కరు బట్ట చూడలేదు. అందరూ ముఖమే చూశారు. మా బాపు కూడా. ఆయన ఇంట్లోనే, ఆయన తినే బియ్యంలోనే, రెండు రోజులు ఆ అంచు పడి ఉంది. నా కోపంలో రెండో సగం ఇదీ.

చిన్న సేఠ్ లేచి నిలబడి, అక్క దగ్గరకు వచ్చి, గొంతు బాగా తగ్గించి, "గల్తీ హో గయీ, బెహన్" అని తప్పు ఒప్పుకున్నాడు. రేపటి నుంచి ఎక్కువ మాల్ పంపిస్తానని కూడా అన్నాడు. ముప్పై ఆరు ట్రేలు ఇచ్చెయ్యమన్నాడు, షోరూం రేపే.

"ఆవాజ్ సే బోలో" అంది అక్క. గట్టిగా చెప్పమంది.

కొంచెం గట్టిగా చెప్పాడు. అక్క తలూపింది. ఆ తర్వాత మెట్ల వైపు చెయ్యి చూపించింది. నీ మాట నాలుగో అంతస్తు దాకా ఎక్కింది సేఠ్, దాన్ని నువ్వే వెళ్ళి దింపుకొని రావాలి అంది. ట్రేలు తయారుగా ఉన్నాయి, కట్ట కట్టి గడపలో పెడతాను, నువ్వు దిగి వచ్చాక తీసుకోవచ్చు. తొందరేం లేదు.

అతడు నవ్వుదామని చూశాడు. ఎవరూ కలిసి నవ్వలేదు. ఫోను వైపు చూశాడు. ఫోను కూడా ఏమీ అనలేదు. చివరికి అతడు మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

నాకు ఆనందంతో ఈల వెయ్యాలనిపించింది. పెదవులు సున్నా చుట్టాను కూడా. అక్క నా వైపు తిరిగింది. "మొన్న నువ్వు సుత ఏమో అన్నవ్ గదా, బిడ్డా?"

నా సున్నా అక్కడే ఆగిపోయింది.

"నేను నీ కోసమే..." అన్నాను.

"నా కోసమే అన్నవ్. గా అబద్ధం సుత మెట్లెక్కింది. నడువ్."

కాబట్టి ఆ ఆదివారం మా బిల్డింగు చూసిన ఊరేగింపు ఇది. ముందు చిన్న సేఠ్, తెల్లచొక్కా చంకల దగ్గర తడిసి. వెనక నేను, తెరిచిన కంపాస్ డబ్బా పట్టుకుని. ప్రతి అంతస్తులో అతడు, "యే బెహన్ చోర్ నహీ హై, మేరీ గల్తీ థీ" అనేవాడు. అతడు అయిపోయాక నేను, "నాకు డబ్బా బళ్ళె ఇయ్యలే, అక్కనే ఇచ్చింది. నేను అబద్ధం జెప్పిన" అనేదాన్ని. రెండో అంతస్తులో చిన్నగా అన్నాను. ఎవరో పిల్లాడు "వినవడలే" అన్నాడు. మూడో అంతస్తుకు వచ్చేసరికి ఇద్దరికీ పాఠం కంఠస్థమైంది. నాలుగో అంతస్తులో ఒక ముసలావిడకు చెవుడు. మాచేత మూడుసార్లు చెప్పించుకుని, చివరికి, "ఏం అమ్ముతున్రు బిడ్డా?" అంది.

అక్కడ గోడకు ఆనుకుని ఇద్దరం ఆయాసం తీర్చుకున్నాం. సేఠ్ నా డబ్బా వైపు చూసి చెయ్యి చాచాడు. ఇచ్చాను. వేలితో ఒకసారి ఇటూ, ఒకసారి అటూ దువ్వాడు. నేను పిల్లి సంగతి చెప్పాను, నాకొచ్చిన హిందీలో. అతడు ఇంకోసారి దువ్వి డబ్బా తిరిగిచ్చాడు. దిగేటప్పుడు కింది వరుసలో కూడా చెప్పాడు, ఎవరూ గుర్తుచెయ్యకుండానే. అతడు మారిపోయాడని నేను చెప్పను. మర్యాద నేర్చుకున్నాడో లేదో నాకు తెలియదు. మఖ్మల్ మాత్రం నేర్చుకున్నాడు. ఆ తర్వాత వెళ్ళిన ట్రేల బాణాలను ఎవరూ తుడవలేదు.

మరి మిగతా బిల్డింగు? ఒక్కరూ మెట్లెక్కలేదు, దిగలేదు. అదే నాకు ఇప్పటికీ అరగదు. సేఠ్ అన్నది ఒక్కరోజు. వీళ్ళన్నది మూడు రోజులు. ఆ సాయంత్రం మాత్రం అక్క ఇంటికి కూర గిన్నెలు రావడం మొదలైంది. వంకాయ ఒకరు, పప్పుచారు ఒకరు. ఎదురింటి పెద్దమ్మ కోడికూరే పంపింది. మా అమ్మ సేమ్యా చేసి నాతో పంపింది. ఎవరూ గురువారం ఊసెత్తలేదు. గిన్నె పెట్టారు, "జర రుచి జూడు" అన్నారు, వెళ్ళారు. నేను అక్కతో, అన్నీ పారబోయమన్నాను. అక్క కోడికూర వేలితో నాకి, "ఉప్పెక్కువైంది. అయినా తినొచ్చు" అంది.

మాలో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపరు. కాస్త పంచదారో, నాలుగు పల్లీలో వేసి పంపుతారు. అక్క కూడా మర్నాడు గిన్నెలన్నీ తోమి, తుడిచి, ఒక్కొక్కదాంట్లో జానెడు మెరూన్ మఖ్మల్ అంచు మడతపెట్టి పంపింది. నూగు లేని పట్టీ. ఒక్క మాట కూడా చెప్పి పంపలేదు. ఆ గిన్నెలు ఇంటింటికీ మోసింది నేనే. మా గిన్నెలోది మా బాపు బొటనవేలితో మళ్ళీ తడిమి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎదురింటి పెద్దమ్మ మాత్రం, "మంచి గుడ్డనే ఇచ్చింది" అని దాంతో మిక్సీ తుడుచుకుంది. అందరికీ అన్నీ అర్థం కావాలని లేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్నిగా మిగులుతాను. కానీ పోయిన నెల ఒకటి జరిగింది.

నేనిప్పుడు ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక ఆఫీసులో ఫోటోలు తీస్తాను. ఆఫీసు మూడో అంతస్తు, ప్యాకింగ్ కింద బేస్‌మెంటులో. ఒక చీర వరుసగా వెనక్కి వచ్చింది. ఫోటోలో ఒక రంగు, పార్సిల్‌లో ఒక రంగు అని. నేను బేస్‌మెంటుకు దిగి, పన్నెండుమంది ముందు, ప్యాకింగ్ అమ్మాయిని పట్టుకుని, కళ్ళు పెట్టి చూసి పంపవా, వేరే చీర పంపుతావా అని నా తెలివినంతా ప్రదర్శించాను.  ఆ అమ్మాయి చీర మడతపెట్టి పక్కన పెట్టింది.

సాయంత్రం ఫోటోలు మళ్ళీ చూసుకుంటే తెలిసింది. ఆ రోజు నేను పసుపు లైటు కింద తీశాను. చీర ఒక్కటే. వెలుతురే నాది.

ఫోను తీసి ఆ అమ్మాయికి "సారీ" అని టైపు చేశాను. పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. పంపడానికి వేలు ఎత్తాను కూడా. బ్యాగులో పెన్నుల కోసం ఇప్పటికీ వాడుతున్న రేకు డబ్బా ఒకటుంది. మఖ్మల్ చాలాచోట్ల అరిగిపోయింది, అంచు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూశాను. కింద పన్నెండుమంది ఇంకా ఇంటికి వెళ్ళలేదు.

మెసేజి చెరిపేసి లేచాను. దిగడం ఎక్కడం కంటే సులువని ఎవరన్నారో గానీ, వాళ్ళు చేతిలో మాఫీ పట్టుకుని ఎప్పుడూ దిగి ఉండరు.